ద్వారము కడ శునకము

మహాభారత కథకు మొదట ఒక శునకమును, తుద ఒక శునకమును నిలిచియున్నవి. జనమేజయుని యాగశాలకు ఆడుకొన వచ్చిన సారమేయుని రాజు తమ్ములు నిష్కారణముగ కొట్టిరి. అది ఏడ్చుచు పోయి తల్లితో చెప్పుకొనగా, సరమ రాజు ఎదుటికి వచ్చి, మంచిచెడ్డలు విచారింపక దుర్బలులను బాధించువారికి అనుకొనని ఆపదలు వచ్చిపడునని హెచ్చరించి పోయినది. నన్నయభట్టు ఆదిపర్వమున తెలుగు చేసిన ఈ ఘట్టము ఎన్నో తరముల విద్యార్థులకు పాఠమైనది. ఇక కథ తుదిలో ద్రౌపదియు తమ్ములును దారిలో ఒకరి వెనుక ఒకరు పడిపోగా, ధర్మరాజు వెంట కడదాక నడచినది ఒక కుక్క మాత్రమే. ఇంద్రుడు రథము తెచ్చి ధర్మరాజును ఎక్కుమనెను. కుక్కకు స్వర్గమున చోటు లేదనెను. నమ్మి వెంట వచ్చినదానిని విడిచిన మీదట లభించు స్వర్గము తనకు వలదని ధర్మరాజు రథము ఎక్కక నిలిచెను.

ఈ కథ పురాణకాలక్షేపమునకు మాత్రమే చెందినదని అనుకొనరాదు. ఇంద్రుడు పలికిన మాటనే నేడు ఒక విమానాశ్రయమున, ఒక భోజనశాల గుమ్మమున, ఒక అద్దె యింటి వాకిట, ఒక టాక్సీ తలుపు కడ ఎవరో ఒకరు పలుకుచునే యున్నారు. "మీరు రావచ్చును, కుక్క రాకూడదు" అనుచున్నారు. ఆ మాట వినుచున్నది చూపు లేని ఒక మనిషి. ఆ మనిషి ఎడమ ప్రక్కన నిలిచియున్నది దారి చూపు శునకము. ధర్మరాజు కథకును దీనికిని ఒక భేదము కలదు. అక్కడ శునకము ధర్మరాజును ఆశ్రయించి వచ్చినది. ఇక్కడ మనిషియే శునకమును ఆశ్రయించి నడచుచున్నాడు. కుక్కను విడిచి రమ్మనుట అనగా కన్నులను వాకిట విడిచి రమ్మనుటయే.

ఇట్టివారు స్వదేశము వీడి పరదేశములకు పోవుట, అచ్చట కాపురముండుట ఎట్లు సాధ్యమైనదో, ఇంకను ఎక్కడెక్కడ కష్టసాధ్యమై యున్నదో ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది. అతిథిని గౌరవించుట తెలుగువారికి క్రొత్తగా నేర్పవలసిన ధర్మము కాదు. అయితే అతిథి వెంట ఒక శునకము కూడ వచ్చినప్పుడు ఆ ధర్మము ఏమగునన్నదే ప్రశ్న.

అంధులకు దారి చూపుటకై కుక్కలకు క్రమపద్ధతిలో తర్ఫీదు ఇచ్చు పాఠశాల మొట్టమొదట జర్మనీలోని ఓల్డెన్‌బర్గు పట్టణమున 1916లో వెలసినది. మొదటి ప్రపంచ యుద్ధమున చూపు కోల్పోయిన సైనికుల కొరకు డాక్టరు గెర్హార్డు స్టాలింగు దానిని నెలకొల్పెను. ఆ రోజులలోనే డొరోతి హారిసన్ యూస్టిసు అను అమెరికన్ మహిళ స్విట్జర్లండులో నివసించుచు, జర్మన్ షెపర్డు జాతి కుక్కలను పెంచి పోలీసు పనులకు, సైనికుల పనులకు తీర్చిదిద్దుచుండెను. జర్మనీలో అంధుల కొరకు జరుగుచున్న ఈ కృషిని ఆమె కన్నులార చూచి, 1927 నవంబరులో ఒక అమెరికన్ వారపత్రికకు వ్యాసము వ్రాసెను. టెనెసీ రాష్ట్రములోని నాష్‌విల్ నగరమున మారిస్ ఫ్రాంకు అను యువకునకు ఆ వ్యాసమును తండ్రి చదివి వినిపించెను. ఫ్రాంకునకు ఆరవ యేట ఒక కన్నును, పదునారవ యేట రెండవ కన్నును పోయినవి. తనకు అట్టి శునకమును ఇప్పించినచో తిరిగివచ్చి తనవంటి వారందరికి ఆ విద్య నేర్పుదునని అతడు ఆమెకు లేఖ వ్రాసెను.

1928లో అతడు స్విట్జర్లండుకు పయనమైన తీరు గమనింపదగినది. ఒంటరిగ ప్రయాణము చేయు అంధుని ఏమి చేయవలెనో నాటివారికి తోచలేదు. ఒక రవాణా సంస్థ అతనిని పార్సెలు వలె తన సంరక్షణలో ఉంచుకొని సముద్రము దాటించినది. ఓడ ఉద్యోగి వచ్చి చేయి పట్టుకొని తీసికొనిపోవు వేళలలో తప్ప, గది దాటి రాకుండ తలుపునకు తాళము వేయుచుండిరని అతడు తరువాత చెప్పుకొనెను. స్విట్జర్లండులో అతనికి ఒక ఆడ షెపర్డు కుక్కను జత చేసిరి. దానికి అతడు బడ్డీ అని పేరు పెట్టుకొనెను. కొన్ని వారముల శిక్షణ పిమ్మట అదే సముద్రము మీద, బడ్డీ పట్టెడ చేత పట్టుకొని అతడు తిరిగివచ్చెను. 1928 జూన్ 11న న్యూయార్కు రేవు కడ విలేఖరులు చూచుచుండగా, వాహనములు ఎడతెగక పరుగులిడు వెస్టు స్ట్రీటును ఆ యిరువురు దాటిరి. యూస్టిసుకు అతడు పంపిన తంతిలో ఉన్నది ఒక్కటే మాట: విజయము. పోవునప్పుడు అతడు ఒక మూట. వచ్చునప్పుడు ఒక మనిషి. ఆ రెండు ప్రయాణములకు నడుమనున్న వ్యత్యాసమంతయు ఒక శునకమే.

మరు సంవత్సరము జనవరిలో నాష్‌విల్‌లో ఆ దేశపు మొదటి మార్గదర్శక శునక పాఠశాల ఏర్పడినది. తరువాత అది న్యూజెర్సీకి మారినది. అంతటితో పని ముగియలేదు. కుక్కకు తర్ఫీదు ఇచ్చుట కంటె మనుష్యులకు నచ్చజెప్పుటయే కష్టమైనది. రైళ్లవారు కుక్కను సామానుల పెట్టెలో వేయుమనిరి, హోటళ్లవారు వద్దనిరి. ఫ్రాంకు ఊరూర తిరిగి వాదించుచు వచ్చెను. 1935 నాటికి అమెరికాలోని రైలు సంస్థలన్నియు శునకము యజమాని చెంతనే ప్రయాణము చేయుటకు అంగీకరించినవి. 1938లో బడ్డీ మరణించినది. తరువాత తన వద్దకు వచ్చిన ప్రతి శునకమునకును ఫ్రాంకు ఆ పేరే పెట్టుకొనెను.

ఆ సంవత్సరముననే గోర్డను అను అంధుడైన అమెరికన్ యువకుడు తన శునకముతో లోకసంచారము చేయుచు జపానులో దిగెను. జపాను ప్రజలు దారి చూపు కుక్కను చూచుట అదియే మొదటిసారి. మరు సంవత్సరము, అనగా 1939లో, యుద్ధమున చూపు పోయిన సైనికుల కొరకు జపానువారు జర్మనీ నుండి నాలుగు శునకములను తెప్పించిరి. 1957లో ఆ దేశముననే తర్ఫీదైన మొదటి శునకము ఒక అంధ ఉపాధ్యాయునకు తోడయినది. 2002లో సహాయక శునకములకు బహిరంగ ప్రదేశములలో ప్రవేశము కల్పించుచు చట్టము చేయబడినది. దారిన పోవుచు దిగిన ఒక యాత్రికుడు ఒక దేశమునకు ఏమి చూపగలడో ఈ వృత్తాంతము తెల్పుచున్నది. పరదేశమునకు పోవు అంధుడు తన దారి తాను చూచుకొనుట మాత్రమే కాదు, వెనుక వచ్చువారికి దారి వేయుచున్నాడు కూడ.

ఇంతకును ఈ శునకము చేయు పని యేమి? దీనిని గూర్చి లోకమున అపోహలు మెండు. తన యజమాని పోదలచిన స్థలము కుక్కకు తెలియునని పలువురు తలతురు. అది నిజము కాదు. దారి అంధుని మనస్సులో ఉండును. ఎన్నవ వీధి కడ మరలవలెనో, ఎప్పుడు రోడ్డు దాటవలెనో అతడే నిశ్చయించును. కూడలిలోని ఎర్రదీపమును, ఆకుపచ్చ దీపమును కుక్క చదువలేదు. వాహనముల చప్పుడును బట్టి అతడే అదను గుర్తించి ముందుకు నడువుమని ఆజ్ఞ ఇచ్చును. గోతులు, మెట్లు, అడ్డముగ నిలిపిన బండ్లు, తలకు తగులు కొమ్మలు తప్పించి నడుపుట శునకము వంతు. అన్నింటికంటె గొప్ప విద్య మరియొకటి కలదు. యజమాని నడువుమన్నను ఎదుట వాహనము దూసుకొని వచ్చుచున్నచో అది కదలదు. ఆజ్ఞను మీరవలసిన సమయము తెలిసిన విధేయత అది. ఉపాధ్యాయులు ఈ గుణమును గూర్చి తరగతిలో ఒక గంటసేపు మాట్లాడినను వృథా కాదు. చెప్పినదెల్ల చేయుట సేవ కాదనియు, మేలు కోరి నిలిచిపోవుటయు సేవయేననియు పిల్లలకు ఇంత సులభముగ తెలుపు దృష్టాంతము మరొకటి దొరకుట అరుదు.

లాబ్రడారు, గోల్డెన్ రిట్రీవరు, జర్మన్ షెపర్డు జాతులే ఈ పనికి ఎక్కువగ ఎన్నుకొనబడుచున్నవి. పిల్లలుగ నున్నప్పుడు వీనిని స్వచ్ఛందముగ ముందుకు వచ్చిన కుటుంబములు ఏడాదికి పైగ పెంచి, సంతలకు, బస్సులకు, జనసమ్మర్దమునకు అలవాటు చేయుదురు. పిదప నెలల తరబడి శిక్షకుల వద్ద విద్యాభ్యాసము. తరువాత మనిషిని, శునకమును కలిపి మరల శిక్షణ. ఇట్లు తయారైన జంట కొన్ని సంవత్సరములు మాత్రమే కలిసి పనిచేయగలదు. వినికిడి లేనివారికి తలుపు చప్పుడు తెలుపునవి, చక్రముల కుర్చీలో నున్నవారికి జారిపడిన వస్తువు అందిచ్చునవి, మూర్ఛవ్యాధి గలవారికి తోడుండునవి కూడ నేడు కలవు. వీనినన్నింటిని కలిపి సేవాశునకములని పిలుచుచున్నారు.

పరదేశ ప్రయాణమున ఇట్టి జంటకు మూడు అడ్డంకులు ఎదురగును. మొదటిది వ్యాధిభయము. రెండవది చట్టము. మూడవది మనుష్యుల మనస్సు.

వ్యాధిభయము అకారణమైనది కాదు. పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబీసు వ్యాధి లక్షణములు పైకి కన్పించిన పిదప దాదాపు మరణమే శరణ్యము. 1885లో పాస్టరు మహాశయుడు టీకాతో ఒక బాలుని రక్షించిన నాటి నుండి మనుష్యులకు ఆశ కలిగినది. నీలగిరులలోని కూనూరున 1907లో నెలకొన్న పాస్టరు సంస్థ పేరు దక్షిణదేశమున పెద్దలందరును ఎరిగినదే. ద్వీపమైన ఇంగ్లండు కఠిన నియమములతో 1902లో ఈ వ్యాధిని తుడిచిపెట్టినది. కాని 1918లో యుద్ధము నుండి మరలివచ్చు సైనికులు దొంగచాటుగ తెచ్చుకొన్న కుక్కల వలన అది మరల ప్రవేశించి, 1922 వరకు వదలలేదు. కావున వెలుపలి నుండి వచ్చు ప్రతి కుక్కయు ఆరు నెలలు క్వారంటైనులో నుండవలెనన్న నియమమును ఆ దేశము గట్టిగ పాటించినది. పెంపుడు కుక్కకు అది ఆరు నెలల ఎడబాటు. అంధునికో, అది ఆరు నెలల చీకటి. ఇంగ్లండులో ఒక సంవత్సరము చదువుకొనవచ్చిన అంధ విద్యార్థి సగము సంవత్సరము తన మార్గదర్శిని బోనులో విడిచి ఉండవలసినదే.

శాస్త్రము ఈ చిక్కును విడదీసినది. చర్మము క్రింద అమర్చు చిన్న చిప్పు వలన ఏ కుక్క యేదియో నిశ్చయింపవచ్చును. రక్తపరీక్ష వలన టీకా పనిచేసినదో లేదో తెలిసికొనవచ్చును. ఈ రెండును కుదిరిన పిమ్మట బోను అవసరము తగ్గినది. 2000 ఫిబ్రవరి 28 నుండి ఇంగ్లండు తన పాత నియమమును సడలించి, ఎన్నికైన దేశముల నుండి టీకాలు పొంది వచ్చు జంతువులను నేరుగ రానిచ్చినది. అంతకు ముందే అమెరికాలోని హవాయి దీవులలో ఇదే వివాదము న్యాయస్థానమునకు ఎక్కినది. అచ్చట వచ్చిన ప్రతి కుక్కకు 120 దినముల నిర్బంధము విధించుచుండిరి. ఈ నియమము అందరికి ఒకటే కదా, ఇందు పక్షపాతము ఏమున్నదని ప్రభుత్వము వాదించినది. అందరికి ఒకటియైన నియమము అంధుని మీద మాత్రము వేరు బరువుగ పడుచున్నదని, అతనికి ప్రభుత్వ సేవలు అందకుండ చేయుచున్నదని 1996లో పైకోర్టు అభిప్రాయపడినది. సమానత్వము అనగా అందరిని ఒకే ద్వారమున తోయుట కాదు. అందరును దాటగల ద్వారము ఉంచుట. ఈ సూక్ష్మము ఆ తీర్పున స్పష్టమైనది.

నేటికిని నియమములు లేకపోలేదు, ఉండవలసినవే. భారతదేశము రేబీసు ఇంకను తొలగని దేశము గనుక ఇచ్చటి నుండి పోవు శునకమునకు తనిఖీ ఎక్కువ. యూరోపు సమాఖ్య దేశములకు పోవలెనన్న చిప్పు అమర్చి, టీకా వేయించి, కనీసము 30 దినములు గడచిన పిదప రక్తము తీసి ఆమోదము పొందిన ప్రయోగశాలకు పంపవలెను. రక్తము తీసిన దినము నుండి మూడు నెలలు ఆగవలెను. జపానుకైనచో ఆ గడువు 180 దినములు. అమెరికా 2024 ఆగస్టు నుండి ఆరు నెలల వయస్సు నిండని కుక్కను దేశములోనికి రానిచ్చుట లేదు. రేబీసు అధికముగ నున్న దేశముల నుండి వచ్చువానికి అదనపు పత్రములు కోరుచున్నది. కావున మనిషి సీటు దొరకిన పిదప ప్రయాణమునకు సిద్ధపడవచ్చును గాని, శునకమును అర్ధసంవత్సరము ముందుగనే సిద్ధపరచవలెను. విశ్వవిద్యాలయములు ప్రవేశపత్రమును ఆలస్యముగ పంపినచో అంధ విద్యార్థి పడు ఇక్కట్టు ఇతర విద్యార్థులు ఊహింపలేరు.

రెండవ అడ్డంకి చట్టము. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టము సేవాశునకమునకు దుకాణములలో, భోజనశాలలలో, కార్యాలయములలో ప్రవేశము ఇచ్చినది. 2006 నాటి నిబంధన ననుసరించి యూరోపు సమాఖ్యలో గుర్తింపు పొందిన సహాయక శునకము విమానమున యజమాని చెంతనే ఉండవచ్చును. అయితే ఒక దేశపు గుర్తింపు మరియొక దేశమున తనంత తాను చెల్లదు. ఒకచోట నోటిమాట చాలును. మరియొకచోట పాఠశాల ఇచ్చిన పత్రము కావలెను. వేరొకచోట ఆ పాఠశాల 1989లో ఏర్పడిన అంతర్జాతీయ మార్గదర్శక శునక సమాఖ్యకు చెందినదా అని అడుగుదురు. ఇంటి దొడ్డిలో సొంతముగ తర్ఫీదైన కుక్క ఎంత నేర్పరియైనను కొన్ని దేశములలో పెంపుడు జంతువుగనే లెక్కకు వచ్చును.

ఈ సందున మోసమును చొరబడినది. తమ పెంపుడు కుక్కలకు సేవాశునకముల చొక్కాలు తొడిగి, విమానములలో ఉచితముగ తీసికొనిపోయినవారు అమెరికాలో బయలుదేరిరి. మనశ్శాంతికి తోడు కావలెనని చెప్పి పక్షులను, పందులను సైతము విమానమునకు తెచ్చినవారు కలరు. తర్ఫీదు లేని ఆ జంతువులు మొరిగి, కరచి, నిజమైన సేవాశునకముల మీదనే పడినవి. తుదకు 2021 జనవరి నుండి అమలుకు వచ్చిన నిబంధన వలన, తర్ఫీదు పొందిన కుక్కను మాత్రమే సేవాజంతువుగ అంగీకరించిన చాలునని ఆ దేశపు విమాన సంస్థలకు అధికారము లభించినది. అబద్ధము ఆడినవాడు ఒక టిక్కెట్టు సొమ్ము మిగుల్చుకొనెను. దాని ఋణము మాత్రము అంధుడు తీర్చుచున్నాడు. నేడు అతడు ప్రతి గుమ్మము కడ అనుమానపు చూపును ఎదుర్కొనుచున్నాడు. ఒకరి హక్కును వేరొకరు వేషముగ ధరించుట దొంగతనములలో మిక్కిలి హీనమైనదని విద్యార్థులు గ్రహింపవలెను.

మూడవదియు, కడు కఠినమైనదియు మనుష్యుల మనస్సు. ప్రయాణము ఒకనాటితో ముగియును. కాపురము నిత్యము సాగవలెను. పరదేశమున ఇల్లు వెదుకుట మొదలు పశువైద్యుని వెదుకుట వరకు అన్నియు ఇద్దరి కొరకు చేయవలసినవే. అమెరికాలో వాహనములు రోడ్డునకు కుడి ప్రక్కన నడచును. ఇంగ్లండున, జపానున, భారతదేశమున ఎడమ ప్రక్కన నడచును. ఒక పద్ధతికి అలవడిన జంట రెండవ దేశమున దిగినప్పుడు, ఏ వైపు నుండి వాహనము వచ్చునో చెవియు, కాలును క్రొత్తగా నేర్చుకొనవలెను. చలిదేశములలో మంచు కరగుటకై వీధుల చల్లు ఉప్పు శునకము పాదములను కోయును. ఉష్ణదేశములలో మిట్టమధ్యాహ్నపు తారురోడ్డు వానిని కాల్చును. దీర్ఘమైన విమానయానమునకు ముందు ఆహారమును, నీటిని గంటలు లెక్కించి ఇవ్వవలెను. దారి తెలియని క్రొత్త ఊరిలో మొదటి నెల యజమాని వీధులను ఒక్కొక్కటిగ కంఠస్థము చేయుచుండును. అతడు నేర్చినగాని కుక్క నడపలేదు.

వీని కన్నిటికి మించి, ఇరుగుపొరుగు ఆదరించుటయో, అసహ్యించుకొనుటయో కలదు. కొందరికి కుక్క యనిన భయము, కొందరికి అశుచి. ఆ భావములను ఎగతాళి చేసినందువలన ప్రయోజనము లేదు. సహృదయము గలచోట మతాచారమును మానవధర్మమును పొసగించు మార్గము దొరకును. ఇంగ్లండులోని లీస్టరు నగరమున 2008లో అంధుడైన ఒక ముస్లిం విద్యార్థి తన శునకముతో మసీదుకు వచ్చుటకు మతపెద్దలు సమ్మతించిరి. ప్రార్థనామందిరమున కాక, ముంగిట దానికి ప్రత్యేకముగ ఒక తావు ఏర్పరచిరి. ఆచారమును చెడలేదు, భక్తుడును వీధిలో నిలువలేదు. ఇట్టి పరిష్కారమునకు కావలసినది గ్రంథపాండిత్యము కంటె ముందు, ఎదుటివాని స్థితిలో తన్ను నిలుపుకొని చూచు ఊహాశక్తి.

ఇక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల సంగతి. ఈ నేల నుండి ఏటేట వేలకొలది విద్యార్థులు పరదేశములకు చదువులకై పోవుచున్నారు. అందు చూపు లేనివారును ఉండగలరు. పోయిన చోట శునకము సాయముతో స్వేచ్ఛగ నడచుట నేర్చుకొనగలరు. అట్టివారు ఒకరు సెలవులకు తల్లిదండ్రులను చూడవచ్చిరనుకొందము. హైదరాబాదులో జంతువుల క్వారంటైను కేంద్రము కలదు గనుక, పత్రములు సరిగ నున్నచో దేశమున అడుగు పెట్టుట అసాధ్యము కాదు. అటుపైన ఏమగును? వీధిలో గుంపులుగ తిరుగు ఊరకుక్కలు మీదికి వచ్చును. కాలిబాటలు ఉన్నచోట అంగళ్లును, మోటారు సైకిళ్లును ఆక్రమించి యుండును. పెంపుడు కుక్కలను రైలులో గార్డు పెట్టెలోని గూటిలో ఉంచుటయో, మొదటి తరగతిలో ఒక గది మొత్తము రిజర్వు చేయించుకొనుటయో పద్ధతి. మార్గదర్శక శునకమునకును ఆ నియమమే వర్తింపజేసినచో ప్రయాణికుడు ఒక పెట్టెలోను, అతని కన్నులు మరియొక పెట్టెలోను ప్రయాణము చేయవలసివచ్చును. తుదకు సొంత ఇంటి గడపలోనే ఏ నాయనమ్మయో "నాయనా, నీవు లోపలికి రా, దానిని దొడ్డిలో కట్టివేయి" అనవచ్చును. పరదేశమున గ్రంథాలయమునకు, న్యాయస్థానమునకు, విమానమునకు వచ్చిన తోడు కన్నవారి ఇంటిలో వాకిటనే ఆగిపోవలసివచ్చును. ఆ ముసలమ్మ దుష్టురాలు కాదు. ఆమెకు ఎవరును చెప్పలేదు, అంతియే.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. బడిలో అడుగిడని అంధబాలలు ఇంకను ఉన్న దేశమున, తెల్లకర్ర కూడ అందరికి అందని దేశమున, ఇంత ఖర్చుతో కూడిన శునకములను గూర్చి చింత యేల అని అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. తెల్లకర్ర చవుకైనది, నమ్మదగినది. పెక్కుమంది అంధులు దానినే మేలుగ ఎంచుదురు. ప్రతి అంధునకు కుక్క కావలెనని ఎవరును అనుట లేదు. కాని ఒక సాధనమును అందరికి ఇయ్యలేకపోవుట వేరు. దానిని సంపాదించుకొని వచ్చినవానిని ద్వారము కడ ఆపుట వేరు. మొదటిదానికి ధనము కావలెను. రెండవదానికి మనస్సు చాలును. బీదరికమును సాకుగ చూపి మర్యాదను కూడ ఎగగొట్టరాదు.

భారతదేశము 2007లో వికలాంగుల హక్కులను గూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించినది. 2016లో దానికి అనుగుణముగ క్రొత్త చట్టము చేసినది. హక్కు సామాన్యముగ చెప్పబడిన మాత్రమున చాలదు. బస్సు కండక్టరునకు, హోటలు గుమాస్తాకు, ఆసుపత్రి కావలివానికి చేతబట్టి చదువుకొనదగిన స్పష్టమైన ఉత్తర్వు ఉండవలెను. తర్ఫీదు పొందిన సేవాశునకము ఏది, దానిని ఎక్కడెక్కడ రానీయవలెను, పరదేశమున పొందిన గుర్తింపు ఎట్లు చెల్లును అను మూడు విషయములను చిన్న వాక్యములలో తెలుగున అచ్చువేసి గోడలకు అంటించినచో సగము తగవులు తీరును. మోసగాండ్రకు శిక్షయు ఆ ఉత్తర్వులోనే ఉండవలెను.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయును. ఉపాధ్యాయులు చేయదగినది రేపటి నుండియే మొదలిడవచ్చును. పట్టెడ ధరించి పనిలోనున్న శునకమును తాకరాదు, పిలువరాదు, దానికి తినుబండారములు విసరరాదు. దాని దృష్టి ఒక్క క్షణము మరలినచో గాయపడునది మనిషి. మాట్లాడవలసినది మనిషితో, కుక్కతో కాదు. సాయము చేయదలచినచో ముందుగ అడుగవలెను. చెప్పక చేయి పట్టుకొని లాగుట సాయము కాదు. ఈ నాలుగు ముక్కలు ఒక తరగతిలో నలుబదిమంది పిల్లలు నేర్చుకొన్నచో నలుబది ఇండ్ల పెద్దలకు చేరును. సరమ కథ పాఠముగ వచ్చిన దినముననే ఈ పాఠమును జోడించినచో పద్యమునకును ఒక క్రొత్త అర్థము సిద్ధించును.

ధర్మరాజు కథ ఎట్లు ముగిసినదో అందరును ఎరిగినదే. రథము ఎక్కనని నిలిచిన క్షణముననే ఆ శునకము తన రూపము వీడి యమధర్మరాజుగ సాక్షాత్కరించెను. పరీక్షకు నిలిచినవాడు ధర్మరాజని లోకము చెప్పుకొనుచున్నది. ఆ పరీక్షలో అతడు నెగ్గెను. నేడు పరీక్షకు నిలిచినది యాత్రికుడు కాదు, అతని శునకమును కాదు; అవి రెండును తమ పాఠము చక్కగ నేర్చుకొనియే వచ్చినవి. పరీక్ష తలుపు గడియ మీద చేయి వేసి నిలిచినవారిది.